గృహరక్ష : మూసిన గదిలోని నిప్పు

అగ్నికి అమరకోశమున పెక్కు పేళ్లు గలవు. వానిలో రెంటిని ఈ మాసమున సోదరీమణులకు జ్ఞప్తి చేయదలచితిమి. ఒకటి వాయుసఖుడు, అనగా గాలికి చెలికాడు. రెండవది ఆశ్రయాశుడు, అనగా తనకు చోటిచ్చిన దానినే తినువాడు. పొయ్యి వెలిగించు ప్రతి స్త్రీకిని ఈ రెండు గుణములును అనుభవమున దెలిసినవే. కాని పనులకై దూరదేశములకేగిన మన బిడ్డలు చలి కాచుకొను నిప్పునకును ఈ గుణములే గలవని వారికి చెప్పువారు తక్కువ. అందుచేత ఈసారి గ్యాసు హీటరును గూర్చి వ్రాయుచున్నాము.

మా సూళ్లూరుపేట సముద్రమునకు చేరువ. ఇచట చలికాలమనగా ఈశాన్యపు వానలును, ముసురును, తుపానులును గాని మంచు గాదు. అట్టి మనకు హీటరుతో నేమి పనియని యడుగవచ్చును. పని గలదు. కాశ్మీరమునుండి లడాఖునకు బోవు దారిలో జోజీలా కనుమ క్రింద 2020 అక్టోబరులో సొరంగపు పని నారంభించినది హైదరాబాదునకు చెందిన మేఘా ఇంజినీరింగు సంస్థయే. ఆ కనుమ 11,000 అడుగులకు మించిన యెత్తున నున్నది. ఇట్టి కొండచోటులకును, చలి మిక్కుటమైన పరదేశములకును మనవారు పలు పనులమీద బోవుచున్నారు. పెట్టె సర్దునపుడు తల్లి కంబళి పెట్టును, ఆవకాయ పెట్టును. నిప్పును గూర్చిన మాట యొకటియు పెట్టవలెనని మా మనవి.

పనిచోటుల వాడు గ్యాసు హీటరు చిన్న వస్తువే. సిలిండరు, దాని మెడకు రెగ్యులేటరు, రబ్బరు గొట్టము, మంట వెలుగు బర్నరు, ఇవియే దాని యంగములు. కొన్ని పెద్దవానిలో వేడిగాలిని ముందునకు చిమ్ము పంఖాయు ఉండును. సిలిండరులో ప్రొపేను అను వాయువు ఒత్తిడిచే ద్రవమై యుండును. మన వంటగ్యాసు ప్రొపేను, బ్యూటేనుల మిశ్రమము.

ఈ మంటకు గాలి యెంత కావలెనో మా యూరివారికి చెప్పుట సులభము. మాకు తూర్పున పులికాటు సరస్సు దాటినచో శ్రీహరికోట. 2014 జనవరి 5వ తేదీన అచటినుండి లేచిన జి.ఎస్.ఎల్.వి. రాకెట్టు పైభాగమున, మనదేశమున జేసిన ఇంజను ద్రవ హైడ్రోజనును మండించినది. అంత యెత్తున మంటకు చాలిన గాలి యుండదు గావున, ప్రాణవాయువును సయితము ద్రవముగా జేసి రాకెట్టు వెంట గొనిపోయినది. హీటరు అట్లు వెంట దెచ్చుకొనదు. ఏ గదిలో నుంచితిమో ఆ గదిలోని ప్రాణవాయువునే, నిద్రించువాని వంతునుండియే, తీసికొనును. తలుపులు మూసినకొలది ఆ వంతు తరుగును. అది తరిగినపుడు మంట సరిగా మండక, కార్బన్ మోనాక్సైడు అను విషవాయువును బుట్టించును.

ఈ విషమునకు రంగు లేదు, వాసన లేదు, కంటికి మంట కలిగింపదు. రక్తములోని హిమోగ్లోబిను ప్రాణవాయువుకంటె దీనిని 200 రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. పిమ్మట ప్రాణవాయువునకు చోటుండదు. నిద్రించువాడు మేల్కొనకయే పోవును.

2020 జనవరిలో కేరళమునుండి నేపాళ యాత్రకేగినవారు దామన్ అను కొండయూర బసచేసి, ఒక రాత్రి గదిలో గ్యాసు హీటరు పెట్టుకొని, తలుపులు కిటికీలు బిగించి పరుండిరి. ఆ గదిలో 8 మంది మరణించిరి. వారిలో నలుగురు పిల్లలు. 2024 డిసెంబరులో జార్జియా దేశపు మంచుకొండలలో గుడౌరియను చోట, భారతీయ భోజనశాలలో పనిచేయు 12 మంది తమ పడకగదులలో మృతులై కనబడిరి. వారిలో 11 మంది భారతీయులు. విద్యుత్తు పోగా పడకలకు చేరువను మూసిన చోట నడపిన జనరేటరు పొగయే కారణమని పోలీసువారి తొలి విచారణలో దేలినది. మొదటిచోట హీటరు, రెండవచోట జనరేటరు; విషము మాత్ర మొక్కటే.

కావున మొదటి నియమము: పరుండుచోట గ్యాసు హీటరు వెలిగింపరాదు. పని జరుగుచోట, మెలకువగా నున్నవారు చూచుచుండగా, గాలి వచ్చుటకొకటి పోవుటకొకటి రెండు ద్వారములుంచి మాత్రమే వెలిగింపవలెను. నిద్రకు ముందు హీటరును గాక సిలిండరు మీటనే కట్టవలెను. రాత్రి చలికి కంబళియు, వేడినీటి సంచియు మేలు. ప్రాణవాయువు తగ్గినపుడును, ప్రక్కకు ఒరిగినపుడును తానై యారిపోవు హీటర్లు దొరకును. కొనువారు అట్టివానినే కొనవలెను. ఐనను దానిని నమ్మి తలుపులు మూయరాదు. కార్బన్ మోనాక్సైడును పసిగట్టి మ్రోగు చిన్న యంత్రమును పడకగదిలో నుంచుట ఉత్తమము.

రెండవ నియమము ఆశ్రయాశుని గుణమును బట్టినది. గుడారపు బట్ట, ఆరవేసిన తడిబట్టలు, రంగుడబ్బాలు, చెక్కపొట్టు, ఇవి హీటరుకు మూడడుగులకంటె దగ్గర నుండరాదు. గాలి చిమ్ము హీటరుకు ముందువైపున ఇంకను ఎక్కువ దూరము వదలవలెను. నేల సమముగా నుండవలెను. బట్టలు ఆరబెట్టుటకు హీటరుమీద వేయుట ప్రమాదములన్నిటిలో తేలికగా జరుగునది.

మూడవది సిలిండరును గూర్చినది. దానిని ఎల్లప్పుడు నిలువుగా నుంచవలెను. పరుండబెట్టినచో ఆవిరికి బదులు ద్రవమే గొట్టములోనికి వచ్చి మంట పెచ్చుమీరును. చలిదేశమున ఇంకొక చిక్కు గలదు. బ్యూటేను 0 డిగ్రీల సమీపముననే ఆవిరియగుట మానును. ప్రొపేను 42 డిగ్రీలు సున్నకు దిగువవరకు ఆవిరియగును. అందువలన వంటగ్యాసు సిలిండరు గడ్డచలిలో మందగించును. అప్పుడు తొందరపడి దానిక్రింద మంట పెట్టువారు గలరు. అంతకంటె సాహసము లేదు. లోపలి ఒత్తిడి పెరిగి సిలిండరు ప్రేలును. చలికి తగిన ప్రొపేనునే తెప్పించుకొనవలెను గాని సిలిండరును కాచరాదు.

నాలుగవది పోషణము. గిన్నెను తోముకొననిది వండని గృహిణి, హీటరును చూడనిది వెలిగింపనీయరాదు. రబ్బరు గొట్టమును వంచి బీటలున్నవేమో చూడవలెను. అతుకులకు సబ్బునీరు పూసి మీట త్రిప్పినపుడు బుడగలు లేచినచో గ్యాసు కారుచున్నదని యర్థము. అగ్గిపుల్ల గీచి చూడరాదు. బర్నరు రంధ్రములలో దుమ్ము చేరును, సాలీడు గూడు పెట్టును. చాలదినములు వాడనిదానిని శుభ్రపరచియే వెలిగింపవలెను. మంట నీలముగా నున్న మంచిది. పసుపుపచ్చనై మసి పట్టినచో గాలి చాలుటలేదని తెలిసి వెంటనే ఆర్పవలెను. ఆరిపోయిన హీటరును వెంటనే వెలిగింపక, మీట కట్టి, గాలియాడనిచ్చి, అయిదు నిమిషములైన నాగవలెను. సిలిండరును ఆరుబయటనే, దగ్గర నే నిప్పును లేకుండ మార్చవలెను.

గ్యాసునకు స్వతః వాసన లేదు. కారినపుడు తెలియుటకే దుర్గంధపు మందు కలుపుదురు. అది గాలికంటె బరువు గావున పునాది గుంటలలోను, పల్లపుచోటులను నిలుచును. ఆ వాసన వచ్చినచో దీపపు స్విచ్చి వేయరాదు, తీయరాదు. మీట కట్టి, తలుపులు తెరచి, వెలుపలికి రావలెను. మనదేశమున 1906 సంఖ్యకు తెలుపవచ్చును. కాని గ్యాసునకు కాపున్న ఆ వాసన, మండినపిమ్మట బుట్టు విషమునకు లేదు. అందుచేత వాసన లేదు గదా యని ధైర్యపడరాదు.

విషము తగిలిన గురుతులివి: తలనొప్పి, తల తిరుగుట, వికారము, కాళ్లలో సత్తువ లేకుండుట. ఒక్క గదిలోని యిద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికి వచ్చినపుడు తగ్గినచో అది పడిశము గాదు. అందరును ఆరుబయటికి రావలెను, లేవలేనివారిని మోసికొని రావలెను, ఆసుపత్రికి చేర్చవలెను. ఇచట 108 వాహనమును పిలువవలెను. వైద్యునితో “నిప్పుగల గదిలో నుంటిమి” అని మొదటనే చెప్పినచో ప్రాణవాయువు నిచ్చుటకు ఆలస్యము కాదు.

ఇదియంతయు దూరదేశపు మాటయని మన గృహములను మరువరాదు. ముసురుదినములలో బాలింత గది తలుపులు బిగించి, మంచముక్రింద బొగ్గుల కుంపటి యుంచు నాచారము ఇంకను కొన్నియిండ్ల గలదు. కణకణలాడు బొగ్గు పొగలేనిదని పెద్దలు మెచ్చుదురు. పొగలేనిమాట నిజమే, కాని ఆ విషము బొగ్గునుండి మిక్కిలిగ బుట్టును. పసికందు దానిని చెప్పుకొనలేదు. సాంబ్రాణి వేయుటకు కావలసిన నిప్పును తలుపు తెరచి తెచ్చి, పని తీరగానే వెలుపల బెట్టవలెను. బాలింతకు వెచ్చదనము బట్టలచే నీయవచ్చును. అత్తగార్లు దీనిని కోడండ్ర చాదస్తముగా నెంచక ఆలోచింతురుగాక.

టెలిఫోనులో బిడ్డ పలుకగానే “తింటివా నాయనా” యని యడుగుట మన స్వభావము. మంచుదేశమున నున్నవానిని ఇంకొక్క ప్రశ్నయు నడుగుడు: “పరుండుచోట నిప్పు పెట్టుకొనుచున్నావా? కిటికీ తెరచి యున్నదా?” మొదటిసారి నవ్వును, రెండవసారి విసుగుకొనును, మూడవసారి మీరడుగుదురని యెరిగి ముందే లేచి చూచుకొనును. పై నియమములను ఒక కాగితముమీద వ్రాసి పెట్టెలో కంబళి మడతయందుంచుడు. చదువురాని తోడివారికి వాడు చదివి వినిపించును.