రీచార్జి చేసిన ప్రతిసారీ మనం పెట్టుబడి పెడుతూనే ఉన్నాం

(అడివి అంచు మాటలు – 31)

మొన్న ఆదివారం మా పెద్దక్క కొడుకు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు.

"మామా, విమానాల మీద నుంచి ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ ఒకటి కొత్తగా పెట్టిన్రంట. టవర్లు అక్కర్లేదంట. మన భద్రాచలం అడివిలాంటి చోట్లకే ముందు ఇస్తరంట. ఇప్పుడే షేర్లు కొంటే పదింతలైతయంట. అమ్మ దగ్గరున్న మూడు లక్షలు పెట్టమంటావా?"

ఆ మూడు లక్షలు ఎక్కడివో నాకు తెలుసు. మా బావ పోయాక అక్కకు మిగిలిన ఆధారం అదొక్కటే. జవాబు చెప్పేలోపే లైన్ కట్టయింది. ఆ రోజు చర్ల వైపు ఒక పల్లెలో ఉన్నాను. గుట్టెక్కి, సిగ్నల్ దొరికాక వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి మెసేజ్ ఒక్క మావాడికే వచ్చి ఉండదు.

ముందు ఒక మాట. ఆలోచన తప్పు కాదు. ఆకాశంలో ఇరవై కిలోమీటర్ల ఎత్తున ఒక యంత్రం తిరుగుతూ ఉంటే, గుట్టలూ చెట్లూ అడ్డం రాకుండా కింద చాలా ఊళ్ళకు సిగ్నల్ అందుతుంది. కానీ అది రాత్రీ పగలూ దిగకుండా అక్కడే తిరగాలి. పగలు ఎండతో నడిచినా రాత్రంతా బ్యాటరీ మీదే ఉండాలి. చిక్కంతా అక్కడే.

దీన్ని చేసి చూసినవాళ్ళు చిన్నవాళ్ళు కాదు. ఫేస్‌బుక్ 'అక్విలా' అనే సోలార్ విమానం చేసింది. దాని రెక్కలు బోయింగ్ 737 రెక్కల కన్నా పొడవు. 2016 జూన్‌లో అమెరికాలోని ఆరిజోనాలో మొదటిసారి ఎగిరింది. 2018 జూన్‌లో ఆ పని మానేశారు. గూగుల్ వాళ్ళ 'లూన్' బెలూన్లతో ప్రయత్నించింది. 2020 జూలైలో కెన్యాలో సర్వీసు మొదలైంది. 2021 జనవరిలో మూసేస్తున్నామన్నారు. ఖర్చు తగ్గించి నిలబడే వ్యాపారంగా చేయలేకపోయామని వాళ్ళే చెప్పారు. అంత డబ్బున్నవాళ్ళు చేతులెత్తేసిన చోట మా అక్క మూడు లక్షలు ఏపాటి?

ఇంకో కథ ఉంది. అమెరికాలోనే 'ఎయిర్‌బోర్న్ వైర్‌లెస్ నెట్‌వర్క్' అని ఒక కంపెనీ. ఎగిరే ప్రయాణికుల విమానాలనే ఒకదానికొకటి గొలుసులా కలిపి ఇంటర్నెట్ ఇస్తామంది. 2021 మార్చిలో అక్కడి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఆ కంపెనీ మీదా, దాన్ని నడిపినవాళ్ళ మీదా కేసు వేసింది. ఇన్వెస్టర్లకు నిజాలు దాచి నాలుగున్నర కోట్ల డాలర్లకు పైగా లాగారని ఆరోపణ.

అందుకే మావాడితో అన్నాను: "అల్లుడా, వాళ్ళ విమానం ఎన్ని రోజులు దిగకుండా ఎగిరిందో అడుగు. మన దేశంలో ఎగరడానికీ, సిగ్నల్ ఇవ్వడానికీ పర్మిషన్ కాగితం చూపించమను. డబ్బు కట్టే కస్టమర్ ఒక్కడైనా ఉన్నాడా అడుగు. మన అడివి ఫోటో మాత్రం అడక్కు. అది వాళ్ళ దగ్గర ఉంటది."

నా అసలు కోపం ఆ ఫోటో మీదే. మన లేమిని చూపించి ఎవరో పెట్టుబడి అడుగుతారు. కానీ మనం ఎప్పుడో ఇన్వెస్టర్లం అయ్యాం.

ఎట్లాగంటారా? 2002 నుంచి మన దేశంలో యూనివర్సల్ సర్వీస్ నిధి ఉంది. టెలికం కంపెనీలు లెక్కగట్టిన ఆదాయంలో 5 శాతం దాంట్లో కడతాయి. ఆ ఆదాయం మన రీచార్జిల నుంచి వచ్చిందే. మారుమూల ఊళ్ళకు ఫోను చేర్చడానికే ఆ నిధి. ఇప్పుడు దాని పేరు డిజిటల్ భారత్ నిధి. 2022 జూలైలో కేంద్రం 26,316 కోట్లతో 24,680 ఊళ్ళకు 4జీ ఇస్తామని నిర్ణయించింది. కూలి డబ్బుతో రీచార్జి చేసుకునే మన వాడలోని ఆడమనిషికి ఆ పెట్టుబడిలో భాగం ఉంది. ఆమెకు షేర్ కాగితం లేదు, లెక్క చెప్పేవాడూ లేడు.

ఉపాధి పనిలో 2023 జనవరి 1 నుంచి యాప్‌లో ఫోటో హాజరు తప్పనిసరి చేశారు. రోజుకు రెండుసార్లు. సిగ్నల్ లేక ఫోటో ఎక్కని రోజు, మట్టి మోసి కూడా కూలి పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. భారత్‌నెట్ ఫైబర్ పథకం పంచాయతీని లెక్కలోకి తీసుకుంది. పంచాయతీ ఆఫీసు ఊళ్ళో ఉంటుంది. అక్కడి నుంచి మాదిగవాడకు, కోయగూడేనికి ఎంత దూరమో కొలిచిందెవరు?

1942 నుంచి 46 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా ఉన్న బాబాసాహెబ్ కరెంటు గురించి ఇదే ప్రశ్న ముందు పెట్టారు: అది ప్రభుత్వం చేతిలో ఉండాలా, ప్రైవేటు చేతిలోనా? పేదవాడికి చవగ్గా అందాలంటే ఏది మేలు? ఆ రోజు కరెంటు, ఈ రోజు సిగ్నల్.

కాబట్టి తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఆకాశం వైపు తర్వాత చూద్దాం. మీ మండలంలో ఏ ఊళ్ళు ఆ 4జీ లిస్టులో ఉన్నాయి, ఎన్ని టవర్లు నిలబడ్డాయి, ఎన్ని పనిచేస్తున్నాయి అని సమాచార హక్కు కింద అడగండి. పది రూపాయల ఖర్చు. మనం పెట్టే పెట్టుబడుల్లో లెక్క అడిగే హక్కు వచ్చేది దీనికే.

అక్క డబ్బు అక్క దగ్గరే ఉంది. దరఖాస్తు రాయడానికి మావాడు పండక్కి వస్తానన్నాడు.

జై భీమ్.