లక్ష్మణ్‌కు ఆ పీట ఎందుకు వేయరు?

2025 జూన్‌లో ధోనీని ఐ.సి.సి. హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారన్న వార్త వచ్చిన రోజు మా హాస్టల్ మెస్సులో అన్నాలు చల్లారిపోయినాయి. ధోనీ సంగతిలో ఎవరికీ పేచీ లేదు. గవాస్కర్, కపిల్, బేడీ, కుంబ్లే, ద్రావిడ్, సచిన్, సెహ్వాగ్ అందరూ కూర్చున్న ఆ పంక్తిలో మన వి.వి.ఎస్. లక్ష్మణ్‌కు ఇంతవరకూ విస్తరి వేయలేదేమని నేను అడగడంతో మొదలైంది రగడ.

స్టాటిస్టిక్స్ చదివే మిత్రుడొకడు లేచినాడు. "134 టెస్టులాడి 17 సెంచరీలు. సరాసరి 46కు కొంచెం తక్కువ. ఒక్క వరల్డ్ కప్పు మ్యాచీ ఆడలేదు. చివర్న ఇంగ్లండులో నాలుగు, ఆస్ట్రేలియాలో నాలుగు టెస్టులు వరసగా ఓడితే ఒక్క సెంచరీ కొట్టలేదు. ఇంగ యాడ పీట రా?" అన్నాడు.

అందులో అబద్ధమొక్కటీ లేదు. ఒప్పుకున్నాను. కానీ ఈ సరాసరి అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మాది పత్తికొండ వైపు, మెట్ట సేద్యం. ఒక యేడు వాన సరాసరి లెక్కకు నిండిందన్నారు. నిండిందే, ఎవరు కాదన్నారు? బుడ్డలు ఊడ దిగే వేళ నెలన్నర చినుకు లేదు. పీకేసిన చేను మీద కుండపోత! మా నాయన ఆ యేడు విత్తనాల అప్పు కూడా తీర్చలేదు. కరువు సీమలో పుట్టినవాడు వానను కొలిచేది ఎంత పడిందని కాదు, ఎప్పుడు పడిందని.

2001 మార్చి, కలకత్తా. ఆస్ట్రేలియా అప్పటికి వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చింది. మనవాళ్లు 171కే చాప చుట్టేసి, 274 పరుగుల వెనకబాటుతో ఫాలో ఆన్ ఆడుతున్నారు. మొదటి ఇన్నింగ్సులో 59 కొట్టిన లక్ష్మణ్‌ను ఈసారి మూడో నంబరులో పంపినారు. 281 కొట్టినాడు. ద్రావిడ్‌తో కలిసి 376 పరుగులు; నాలుగో రోజు పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒక్క వికెట్ పడలేదు. ఓడవలసిన మ్యాచీ 171 పరుగులతో గెలిచినాం. ఫాలో ఆన్ ఆడి గెలవడం అంతకు ముందు టెస్టు చరిత్ర మొత్తంలో రెండేసార్లు, అయ్యా!

2010లో మొహాలీ. 216 కొట్టాల, 124కే ఎనిమిది పోయినాయి. నడుం నొప్పితో రన్నర్‌ను పెట్టుకుని, ఇషాంత్ శర్మను పక్కన నిలబెట్టుకుని 73 నాటౌట్. ఒక్క వికెట్‌తో గెలుపు. ఇషాంత్ కొట్టిన 31 కూడా చిన్నదేం కాదు, అది వేరే సంగతి.

రిటైరయిన తీరు కూడా చూడండి. 2012 ఆగస్టులో న్యూజిలాండుతో ఆడే జట్టులో ఆయన పేరుంది. మొదటి టెస్టు సొంతూరు హైదరాబాదులోనే. అయినా 18వ తేదీన ఇక చాలని చెప్పేసినాడు. ఆ టెస్టు ఆడి, చప్పట్ల మధ్య పోవచ్చును గదా! నాకైతే ఆడి ఉంటే బాగుండేదనే ఇప్పటికీ అనిపిస్తుంది.

2011లో పద్మశ్రీ ఇచ్చినారు, సంతోషం. కానీ కలకత్తాలో ఆ బౌలింగును ఎదుర్కొన్నవాడికి ప్రపంచం వేయవలసిన పీట వేరే ఉంది.

మెస్సులో చేతులెత్తించి ఓటింగు పెట్టినారు. రెండు ఓట్లతో ఓడిపోయినాను. ఆ ఇద్దరూ నీటి పారుదల ఉన్న ఊళ్లవాళ్లే!