బండిబాట మీద కొత్త ఇళ్ళు: హోసూరు శివారు వీధుల లెక్క ఎవరిది?

హోసూరు 2019లో నగరపాలక సంస్థ అయినది. పేరు మారినంత త్వరగా వీధులు మారలేదు. బాగలూరు, తళి, రాయకోట రోడ్ల నుండి ఊళ్ళలోకి చీలిన దారులలో అనేకము ఒకప్పటి బండిబాటలు. రెండు ఎడ్లబండ్లు ఎదురుపడినప్పుడు ఒకటి పక్క పొలములోకి దిగి దారి ఇచ్చిన కాలములో అవి ఏర్పడినవి. నేడు దిగుటకు పొలము లేదు, ప్రహరీ గోడ ఉన్నది.

ఇళ్ళు ఎందుకు వచ్చినవో అందరికీ తెలిసినదే. సిప్కాట్ పారిశ్రామికవాడ, సరిహద్దు ఆవల బెంగళూరు ఉద్యోగములు, ఇటీవల దేన్కనికోట తాలూకాలో వెలసిన టాటా ఎలక్ట్రానిక్స్ కర్మాగారము వేలాది కుటుంబములను ఇటు రప్పించినవి. వారిని తప్పుపట్టుట న్యాయము కాదు. సైట్లు అమ్మినవారిలో మన రైతు కుటుంబములూ ఉన్నవి. ఆ సొమ్ముతోనే పెండ్లిండ్లు జరిగినవి, పిల్లల చదువులు సాగినవి. వచ్చిన చిక్కు దారితోనే.

20 అడుగుల వీధి అనగా సుమారు 6.1 మీటర్లు. ఇరువైపులా ఒక్కొక్క కారు నిలిపినచో, కారుకు సుమారు 1.7 మీటర్ల చొప్పున 3.4 మీటర్లు పోవును. మిగులునది 2.7 మీటర్లు. మోటారు వాహనముల నియమములు బస్సుకు, లారీకి 2.6 మీటర్ల వెడల్పు వరకు అనుమతించును. అనగా బడి బస్సు ఆ వీధిలోకి వచ్చినప్పుడు మిగులునది బెత్తెడు. ఆ బెత్తెడులోనే బడిపిల్లలు, పాలక్యాను తగిలించిన సైకిలు, పూలబుట్టతో సంతకు బయలుదేరిన ఆడవారు నడవవలెను. కాలిబాట కనీసము 1.8 మీటర్లు ఉండవలెనని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణము. అగ్నిమాపక శకటము మాట ఎత్తకుండుటే మేలు.

దేశములో 2022లో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో 32,825 మంది పాదచారులు. ఆ ఏడు ప్రమాదముల సంఖ్యలో మొదటి స్థానము తమిళనాడుదే. ఈ మరణములలో పెక్కు పెద్ద రోడ్లపై జరిగినవే. ఇరుకు వీధిలో వేగము తక్కువ గనుక ప్రాణాపాయమూ తక్కువేయని కొందరందురు. అందులో కొంత నిజమున్నది, కాని రెండు చోట్ల అది పనిచేయదు. మొదటిది, ఇల్లు కట్టుచున్న కాలము. ఇసుక, జల్లి, ఇటుకలు వీధిలోనే కుప్పపడును. జల్లిపై ద్విచక్రవాహనము జారును. తిరుగుటకు చోటు లేక టిప్పరు వెనుకకే నడచును. దాని వెనుక నిలిచిన నాలుగేండ్ల బిడ్డ డ్రైవరుకు కనిపించదు. రెండవది, వీధి పెద్ద రోడ్డును కలియు మూల. అక్కడ అంగడి పందిరి, నిలిపిన ఆటో అడ్డముండగా, లోపలి నుండి వచ్చువారు ముందుచక్రము రోడ్డుపైకి వచ్చిన తరువాతనే ఎదుటి బస్సును చూడగలరు.

ఇన్ని ఇళ్ళకు అనుమతి ఎట్లు వచ్చినది? అసలు లోపము ఇక్కడనే ఉన్నది. 2017 నియమముల ప్రకారము, 2016 అక్టోబరు 20కి ముందు అమ్ముడైన అనుమతి లేని సైట్లు క్రమబద్ధమైనవి. ఇరుకు దారులు ఇరుకుగానే మిగిలినవి. 2024 జూలై నుండి 2,500 చదరపు అడుగుల వరకు స్థలములో, 3,500 చదరపు అడుగుల వరకు కట్టు ఇంటికి స్వీయ ధ్రువీకరణపై ఆన్‌లైన్‌లో వెంటనే అనుమతి లభించుచున్నది. ఆఫీసుల చుట్టూ తిరుగు బాధ తప్పినందుకు సంతోషించవలసినదే. అయితే అనుమతి ఒక్కొక్క ఇంటిది, దారి అందరిది. ఒక వీధిలో 40 సైట్లు, సైటుకు మూడు కాపురములు అనుకొందము. అవి 120 కాపురములు. కాపురమునకొక బైకు, మూడింటికొక కారు చొప్పున 160 వాహనములు ఒకే మూల నుండి వెలుపలికి రావలెను. ఒక్కొక్క ఇంటి దస్త్రము ఎక్కడో ఒకచోట ఉండును. ఈ 160 అను సంఖ్య ఏ దస్త్రములోనూ ఉండదు.

జనులు తామే పరిష్కారము వెదకుకొని వీధికడ్డముగా సిమెంటు దిమ్మలు పోయుచున్నారు. వేగనిరోధకము 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్లకు మించని ఎత్తున, వాలుగా ఉండవలెనని ప్రమాణము. నిటారు దిమ్మ వేగమును ఆపుటకంటె బైకు వెనుక కూర్చున్న ముసలివారిని పడద్రోయుటకే ఎక్కువ పనికివచ్చును. కోతల కాలములో రాగి కంకులు దారిపై పరచు మన అలవాటు కూడ ఈ రద్దీలో ఇక చెల్లదు.

చేయదగినది లేకపోలేదు. మోటారు వాహనముల చట్టము 115వ సెక్షను క్రింద రాష్ట్ర ప్రభుత్వము, లేదా అది అధికారమిచ్చిన అధికారి, ఒక దారిలో కొన్ని వాహనములను నిషేధింపవచ్చును, పరిమితము చేయవచ్చును. బడి తెరచు, విడుచు వేళలలో టిప్పర్లను ఆపుమని కోరుటకు ఇది చాలును. పంచాయతీలుగా మిగిలిన ఊళ్ళలో ఏటా జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1 తేదీలలో గ్రామసభ జరుగును. నగరపాలక పరిధిలోనివారు వార్డు సభ్యుని అడుగవలెను. కృష్ణగిరి కలెక్టరు కార్యాలయములో సోమవారము అర్జీలు తీసికొందురు.

మన పెద్దలు సభలో వెనుక వరుసలో కూర్చుండుటకు ఒక కారణము భాష. తీర్మానములు తమిళములో వ్రాయబడును, చదువలేనివారు తలయూపి వత్తురు. మాట తెలుగులో చెప్పినను, అర్జీ తమిళములో ఉండుట మంచిది. తమిళ బడిలో చదువుచున్న మనుమరాలు దానిని వ్రాయగలదు. అందులో సర్వే నంబరు, టేపుతో కొలిచిన వీధి వెడల్పు, ఉదయము 8 నుండి 9 వరకు మూలలో లెక్కించిన వాహనముల సంఖ్య ఉండవలెను. సంతకములు పెట్టువారిలో కొత్తగా వచ్చిన కాపురములవారు కూడ ఉండవలెను. వారి పిల్లలు నడచునదీ ఆ బెత్తెడులోనే.