దుకాణం బీరువాలోని అప్పు పత్రాలు

చిన్న వ్యాపారం గల ప్రతి ఇంటిలోనూ చిట్టా, ఆవర్జా ఉంటాయి. సరకు ఎంత వచ్చిందో, ఎవరు ఎంత బాకీ పడ్డారో వాటిలో కనిపిస్తుంది. అయితే అదే దుకాణం సొమ్ముతో పుచ్చుకున్న ప్రామిసరీ నోట్లు, కంపెనీ డిబెంచర్లు, బాండ్లు, డిపాజిట్ రశీదులు ఆ పుస్తకాలలోకి ఎక్కడం అరుదు. అవి బీరువా అరలో, యజమాని ఒక్కడి జ్ఞాపకంలో ఉంటాయి. అమెరికాలో ఫెడరల్ రిజర్వ్ ప్రతి మూడు నెలలకు వెలువరించే ఆర్థిక లెక్కలలో, కంపెనీలుగా నమోదు కాని వ్యాపారాల చేతిలో ఎంత విలువైన అప్పు పత్రాలున్నాయన్న పద్దు కూడా ఉంటుంది. ఒక దేశం ఇటువంటి పద్దు రాసుకుంటుండగా, ఒక ఇల్లు రాసుకోకపోవడం మాకు వింతగా తోస్తుంది.

ముందుగా పత్రం ఎవరి పేర ఉన్నదో చూసుకోవాలి. సొంత దుకాణానికి చట్టం దృష్టిలో యజమానికి వేరైన అస్తిత్వం లేదు. బోర్డు మీద ఏ పేరు ఉన్నా, ఆ బాండు ఆయనదే. ఆయన మరణానంతరం, అప్పులు తీర్చి, వసీయత్ అమలు చేసిన పిమ్మట, అది వారసులందరికీ వాటాల ప్రకారం చెందుతుంది. భాగస్వామ్య సంస్థ అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు, ఒక భాగస్వామి మరణంతో అది రద్దవుతుందని 1932 నాటి చట్టం చెబుతుంది. ఏ పత్రం సంస్థది, ఏది వ్యక్తిది అన్న రాత లేకపోతే, బతికి ఉన్న భాగస్వామికీ మృతుని భార్యాబిడ్డలకూ మధ్య తగవు మొదలయ్యేది ఇక్కడే.

మన ప్రాంతపు దుకాణాలలో ఎక్కువగా కనిపించేది ప్రోనోటు. దానిని గురించి కొంత వివరంగా చెప్పవలసి ఉంది. అడిగినప్పుడు చెల్లిస్తానని రాసిన నోటుపై దావా వేయడానికి, రాసిన తేదీ నుండి మూడేళ్లే గడువు. ఆ లోపల అప్పు తీసుకున్నవాడు కొంత సొమ్ము చెల్లించి, నోటు వెనుక తన చేతిరాతతోనో సంతకంతోనో చెల్లు వేస్తే, ఆ నాటి నుండి మరో మూడేళ్లు లభిస్తాయి. అప్పు ఇచ్చినవాడు తనంతట తాను రాసుకున్న చెల్లు ఇందుకు పనికిరాదు. రెవెన్యూ స్టాంపు లేని నోటును న్యాయస్థానం సాక్ష్యంగా స్వీకరించదు, జరిమానా కట్టినా ఆ లోపం తీరదు. బఖరా సూరాలోని 282వ ఆయతు ఖుర్ఆన్ అంతటిలో దీర్ఘమైనది. గడువుగల అప్పును రాసిపెట్టడమే దాని విషయం. పత్రంలోని మాటలు అప్పు తీసుకున్నవాడే చెప్పి రాయించాలన్న నియమం అందులో ఉన్నది. చెల్లు విషయంలో నేటి చట్టం అడిగేదీ దానికి దూరమైనది కాదు.

కాలదోషం పట్టిందని సంతోషించే బాకీదారులకు కూడా ఒక మాట. కాలదోషం దావాకు అడ్డు తగులుతుందే గాని అప్పును రద్దు చేయదు. ఇక మరణించినవాని మెడ మీద ఆ భారం ఎటువంటిదో మన పాఠకులకు మేము చెప్పనక్కరలేదు.

నోటులో వడ్డీ మాట లేకపోతే వడ్డీ లేనట్లేనని మనవారు అనుకుంటారు. రేటు పేర్కొనని నోటుకు ఏడాదికి 18 శాతం లెక్క కట్టే నిబంధన చట్టంలో ఉన్నది. కనుక కర్జె హసనా ఇచ్చేవారు ఆ సంగతి స్పష్టంగా రాయించుకోవడం మంచిది. బాండ్ల మీది నిర్ణీత వడ్డీ రిబా కోవలోనిదేనని ఉలమాలలో అత్యధికుల అభిప్రాయం. తెలిసో తెలియకో పెద్దలు కొన్న బాండ్లు వారసత్వంగా వచ్చినప్పుడు, అసలెంత, వడ్డీ ఎంత అన్నది వేర్వేరుగా రాసి ఉంటేనే వారసులు రెంటినీ విడదీయగలరు. జకాత్‌కూ ఈ లెక్కే ఆధారం.

నామినీ పేరు రాశాము గదా అని నిశ్చింతగా ఉండేవారున్నారు. కంపెనీ షేర్లు, సెక్యూరిటీల విషయంలో నామినీ యజమాని కాజాలడనీ, వారసత్వ చట్టమే వర్తిస్తుందనీ 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ఎవరూ అడగని సొమ్ము సంగతి వేరు. గడువు తీరిన డిబెంచరు సొమ్ము ఏడేళ్లపాటు అడిగేవారు లేకపోతే కేంద్ర ప్రభుత్వపు మదుపరుల రక్షణ నిధికి, బ్యాంకు డిపాజిట్ పదేళ్లకు రిజర్వు బ్యాంకు నిధికి పోతుంది. రెంటినీ తిరిగి పొందవచ్చు. బ్యాంకుల సంగతి వెదకడానికి 2023లో ప్రారంభమైన ఉద్గమ్ పోర్టల్ ఉన్నది. కాని పత్రం ఉన్నదనే తెలియని వితంతువు దేనిని వెదకగలదు?

ఒక నోటు పుస్తకం చాలు. ప్రతి పత్రానికీ ఒక పుట కేటాయించి, ఎవరి పేర, ఎంత అసలు, ఏనాటికి గడువు, ప్రోనోటైతే మూడేళ్లు నిండే తేదీ, అసలు పత్రం ఉంచిన చోటు రాయండి. ఏటా జకాత్ లెక్క చూసే రోజున ఇంటి ఇల్లాలిని పక్కన కూర్చోబెట్టుకొని, ఒక్కొక్క పత్రాన్నీ ఆమె చేతికిచ్చి, ఆ పుటతో సరిచూడమనండి.