కాటిలో సమానత్వమా?

మరణం ముందు అందరూ సమానులేనన్న మాట మన విమర్శకులకు ఎంత ప్రీతిపాత్రమో! జాషువా శ్మశానవాటి పద్యాల ప్రస్తావన వస్తే చాలు, కాలం, అనిత్యత, కళ మూడింటినీ కలిపి నూరి పాఠకుడికి వైరాగ్యపు లేహ్యం తినిపిస్తారు.

ఎనిమిదేళ్లు తరగతిలో నేనూ ఆ లేహ్యమే పంచాను. రాగం తీసి మరీ చదివేవాణ్ణి. ఒకనాడు వెనక బెంచీలోంచి ఒక విద్యార్థి లేచి, "మాస్టారూ, మా ఊళ్లో మావాళ్ల శ్మశానం వేరండీ. కాలవ అవతల. వానాకాలం శవాన్ని మొలలోతు నీళ్లలో మోసుకెళ్లాలి" అన్నాడు. నా రాగం అక్కడే తెగిపోయింది.

1895లో వినుకొండలో పుట్టిన జాషువాను హిందువులూ వెలివేశారు, క్రైస్తవులూ వెలివేశారు. అస్పృశ్యతకు చోటులేని తావు శ్మశానమని ఆయన అన్నమాట నిజమే. కాని ఊళ్లో దొరకని సమానత్వాన్ని కాటిలో వెతుక్కోవలసి వచ్చిన మనిషి మాట అది. మృత్యువుకు పట్టిన మంగళహారతి కాదు, బతికున్న ఊరి మీద మోపిన అభియోగం. హరిశ్చంద్ర నాటకం కాటిసీనులో ఆ పద్యాలు పాడితే జనం వన్స్‌మోర్లు కొట్టారు. (ఆ నటులంటే నాకు గౌరవమే, వాళ్ల పాట విని పెరిగినవాణ్ణే.) రాగం నిలిచింది. అభియోగాన్ని మాత్రం విమర్శకులు మరుగుపరిచారు.

కళ మృత్యువును జయిస్తుందట! ఎవరి మృత్యువును? ఒకడికి పాలరాతి సమాధి, మరొకడికి గుర్తురాయి కూడా లేని మట్టిదిబ్బ. జ్ఞాపకం కూడా ఆస్తిలాగే పంపకమవుతున్నదని ఈ వేదాంతులకు ఎందుకు తోచదు?

ఈ ఏడు ఆ పద్యాలను ఆ విద్యార్థిచేతనే చదివించాను. రాగం తియ్యలేదు. కాలవ మీద వంతెన ఇంకా పడలేదు.