చార్జి లిస్టులో పాస్‌వర్డ్ ఏది?

ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగి బదిలీ అయితే బీరువా తాళాలు, క్యాష్ బుక్కు, స్టాకు రిజిస్టరు, చివరికి కాలు విరిగిన కుర్చీ కూడా చార్జి లిస్టుకెక్కుతాయి. కంప్యూటరూ ఎక్కుతుంది. దాని అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ మాత్రం వెళ్లే మనిషితోనే వెళ్లిపోవచ్చు. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాక అరకులోయ, డుంబ్రిగుడ, ముంచింగిపుట్టు మండలాల్లోనూ దరఖాస్తులు డిజిటల్ అసిస్టెంటు కంప్యూటరులోంచి నడుస్తున్నాయి. వేలిముద్ర యంత్రం పాడై కొత్తది వచ్చిందనుకోండి. దాని సాఫ్ట్‌వేరు ఎక్కించబోతే తెర మసకబారి, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కొట్టమంటూ చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అది ఎవరికీ తెలియకపోతే ఆ యంత్రం బల్లమీద అలంకారమే. కొండ దిగివచ్చిన మనిషి మళ్లీ కొండెక్కాల్సిందే.

మెకానిక్ పెన్‌డ్రైవ్ పెట్టి ఆ పాస్‌వర్డును ఐదు నిమిషాల్లో తీసేస్తాడు కదా అనవచ్చు. పాత కంప్యూటర్లలో అది చాలావరకు నిజమే, అదే వాటి లోపం కూడా: మెకానిక్ తీయగలిగింది దొంగా తీయగలడు. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2ను కొత్తగా ఎక్కించి మైక్రోసాఫ్ట్ ఖాతాతో తెరిస్తే, చాలా కంప్యూటర్లలో డిస్కు దానంతటదే తాళం వేసుకుంటుంది. అప్పుడు పెన్‌డ్రైవ్ దారిలో వెళ్లాలంటే 48 అంకెల రికవరీ కీ కావాలి. అది పోతే మళ్లీ సృష్టించి ఇవ్వలేమని మైక్రోసాఫ్టే చెబుతోంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సంస్థ భద్రతా సాఫ్ట్‌వేరు అప్‌డేట్ వికటించి దాదాపు 85 లక్షల కంప్యూటర్లు పడిపోయినప్పుడు, ఇలా తాళం పడ్డవాటిని బాగుచేయడానికి నిపుణులు సైతం ముందు ఆ కీల కోసమే వెతుక్కున్నారు. ఇక విశాఖ నుంచి అరకుకు మెకానిక్ రావాలంటే వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం, అందులో ఘాట్ రోడ్డు.

పాస్‌వర్డ్ కాగితం మీద రాయడమే తప్పన్నది బరువైన అభ్యంతరం. మానిటరుకు అంటించిన చీటీ విషయంలో అది నూటికి నూరుపాళ్లూ సరైనదే. కానీ బ్యాంకులు తమ డూప్లికేటు తాళాలను సీలు వేసి మరో శాఖలో దాచడం లేదా? అలాగే పాస్‌వర్డునూ రికవరీ కీనీ కవరులో పెట్టి, అతుకు మీద సంతకం, తేదీ వేసి ఎంపీడీవో కార్యాలయం ఇనప్పెట్టెలో ఉంచవచ్చు. కవరు తెరిచిన రోజే పాస్‌వర్డ్ మార్చి కొత్త కవరు పెట్టాలి. ఈ పనిని తనంతట తానే చేసే లాప్స్ అనే ఏర్పాటు విండోస్‌లో ఉంది. అయితే కంప్యూటర్లన్నిటినీ ఒకచోటి నుంచి నడిపే వ్యవస్థ ఉన్న సంస్థలకే అది పనికొస్తుంది. సిగ్నల్ కోసం గట్టెక్కే ఊళ్లకు ప్రస్తుతానికి కవరే గతి. దీనికి బడ్జెట్టు అక్కర్లేదు. చార్జి లిస్టు నమూనాలో ఒక గడి పెంచుతూ జిల్లా కేంద్రం పాడేరులోని కలెక్టరేట్ నుంచి సర్క్యులర్ వస్తే చాలు, అదీ వచ్చే బదిలీల లోపు.