గ్రామసభకు బదులు స్వచ్ఛంద సంస్థా?

ఉప్పాడ : 1996 నవంబరు 6 నాటి తుపాను తర్వాత, 2004 డిసెంబరు సునామీ తర్వాత కోస్తా గ్రామాలకు బియ్యం, దుప్పట్లు, వలలు పట్టుకుని స్వచ్ఛంద సంస్థలు అనేకం వచ్చాయి. ఆ సాయాన్ని కాదనలేము. అయితే దుప్పటి ఇచ్చినవారికి పల్లె తరఫున మాట్లాడే హక్కు కూడా వస్తుందా అన్నది ఆలోచించవలసి వుంది. పంచాయతీ ప్రెసిడెంటును అయిదేళ్లకు ఓటేసి దించగలం. సంస్థ సెక్రటరీని దించలేం.

అలాగని వారి పాత్రను తీసిపారేయరాదు. విశాఖ మన్యంలో గిరిజన భూములను గనులకు లీజుకివ్వడంపై 'సమత' సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వరాదని 1997 జూలైలో తీర్పు వచ్చింది.

కోస్తాలో కథ వేరుగా నడిచింది. తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో, తీరప్రాంతంలోని రొయ్యల చెరువులను, సంప్రదాయ పద్ధతివి మినహా, తొలగించాలని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2005లో పార్లమెంటు చేసిన చట్టం ఆ సాగుకు మళ్లీ దారి ఇచ్చింది. కోర్టులో గెలిచినదాన్ని నిలుపుకోవాలంటే వెనక ఓటర్లుండాలి మరి.

ఫిలిప్పీన్స్‌లో 1991 చట్టం స్థానిక అభివృద్ధి మండళ్లలో కనీసం నాలుగోవంతు స్థానాలు ఇటువంటి సంస్థలకే కేటాయించింది. మన దేశంలో 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభను గుర్తించింది. ఇదే మెరుగని ఈ విలేఖరి అభిప్రాయం - సభకు మనం పోతేనే!

కాకినాడ సెజ్ కోసం కొత్తపల్లి, తొండంగి మండలాల్లో భూములు తీసుకున్న సంగతి విదితమే. ఇటువంటిచోట ప్రజాభిప్రాయ సేకరణ సభ ముఖ్యం. 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ఆ సభకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలోనూ వుండాలి. ప్రజలు చెప్పినది సభ ముగింపులో అదే భాషలో చదివి వినిపించాలి. ఇంతమంది వస్తేనే సభ అన్న నియమం మాత్రం లేదు. పదిమంది వచ్చినా జరిగినట్టే లెక్క. పైగా పారిశ్రామికవాడకు ముందే అనుమతి వుంటే, అందులోని ఒక్కో ఫ్యాక్టరీకి వేరే సభ అక్కరలేదన్న మినహాయింపు కూడా వుంది. ఆ మొదటి సభ తప్పిపోతే తర్వాత అడిగే అవకాశం తగ్గిపోతుంది.

వేటకు పోయిన మగవారు, చేపల తట్టతో కాకినాడ పోయిన ఆడవారు పగటిపూట సభకు ఎలా వస్తారు? స్వచ్ఛంద సంస్థలకు అసలైన పని ఇక్కడ వుంది. సారాంశం కాగితం ముందే తెచ్చి రామాలయం అరుగుమీద చదివి వినిపించాలి. సభ రోజున మైకు మాత్రం పల్లెవారి చేతిలోనే వుండాలి.

ఇక లెక్కల సంగతి. ప్రధానంగా ప్రభుత్వ నిధులతో నడిచే స్వచ్ఛంద సంస్థ కూడా 2005 సమాచార హక్కు చట్టం కిందికి వస్తుంది. మన పల్లె పేరున వచ్చినదెంత, వలలకెంత, జీపు పెట్రోలుకెంత అని దరఖాస్తు పెట్టి అడగవచ్చు.